బొగ్గుబాయి మాటల్లో ‘గెట్’: ఎక్కుడు, దిగుడుల వ్యాకరణం

తెలుగులో వృత్తిపదాల సేకరణ గురించి ఎవరు రాసినా భద్రిరాజు కృష్ణమూర్తి దగ్గరే మొదలుపెడతారు. ఆయన సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశాన్ని 1962లో వ్యవసాయ పదాలతో, 1971లో చేనేత పదాలతో వెలువరించింది. ఆ కృషి గొప్పదే. అయితే పనిముట్టు పేరు రాసుకుంటే పనివాడి భాష చేతికి చిక్కినట్టేనన్న నమ్మకాన్ని కూడా ఆ పద్ధతి వెంట తెచ్చింది. సింగరేణి బొగ్గుగనుల భాషకు ఈ నమ్మకం పనికిరాదు. టబ్బు, హాలేజి, ఓవర్‌మన్, మస్టర్, క్యాప్‌ల్యాంప్ అని పేర్ల పట్టిక వేస్తే అందులో ఇంగ్లిషే ఎక్కువ తేలుతుంది. దాంతో బొగ్గుబాయి భాష సగం పరాయిదని తీర్పు చెప్పేస్తారు. క్రియల వైపు చూస్తే ఆ తీర్పు నిలవదు.

గోదావరిఖని ఎయిట్ ఇంక్లైన్ కాలనీలో షిఫ్టు మారే వేళ వినిపించే మాటలే అందుకు సాక్ష్యం. “డ్యూటీ దిగినవా అన్నా?” “ఇప్పుడే దిగిన తమ్మీ. నువ్వు ఎక్కుతున్నవా?” పలకరింపు ఇంతే. ఇదే సంగతి ఇంగ్లిషులో చెప్పాలంటే ‘గో ఆన్ డ్యూటీ’, ‘గెట్ ఆఫ్ డ్యూటీ’ అనాలి. అక్కడ భారమంతా ‘ఆన్’, ‘ఆఫ్’ల మీద పడుతుంది, ‘గెట్’ దాదాపు ఖాళీ పాత్ర. ఆ చిన్న మాటలు మోసే అర్థాన్ని తెలుగు ‘ఎక్కు’, ‘దిగు’ అనే రెండు నిండు క్రియలకు అప్పగించింది. ‘డ్యూటీ’ అనే నామవాచకం వచ్చింది, దాని వెంట ఉండే ‘ఆన్’, ‘ఆఫ్’లు గేటు బయటే ఆగిపోయాయి.

ఇంక్లైన్‌లో, అంటే ఏటవాలు దారి ఉండే గనిలో, ఈ జంటకు ఇంకో మలుపు ఉంది. కార్మికుడు మస్టర్ వేయించుకుని, ల్యాంప్ రూములో దీపం తీసుకుని, నెత్తిన టోపీకి తగిలించుకుని ఏటవాలు దారిన కిందికి నడుస్తాడు. డ్యూటీ ఎక్కాలంటే బాయి దిగాలి. షిఫ్టు అయిపోయాక పైకి వస్తేనే డ్యూటీ దిగినట్టు. ఒళ్లు ఒక దిక్కుకు, మాట ఇంకో దిక్కుకు పోతున్నా గని కార్మికుడు ఎన్నడూ తడబడడు. ఆర్టీసీ డ్రైవర్లూ డ్యూటీ ఎక్కుతారు, దిగుతారు. కానీ ఆ మాట పూర్తి బరువు తెలిసేది భూమి లోపల పనిచేసేవాళ్లకే.

విభక్తులను గమనిస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. ‘డ్యూటీకి పోయిండు’ అంటే పనికి వెళ్లాడని. ‘డ్యూటీ పోయింది’ అంటే ఉద్యోగం ఊడిందని. ‘డ్యూటీల పోయిండు’ అంటే ఆ ఇంట్లో ఏడుపు మొదలైనట్టే. ఇంగ్లిషులో ‘గో’ వెనక మాట మారితే అర్థం మారినట్టు, ఇక్కడ ఒక్క ప్రత్యయం తేడాతో మనిషి బతుకే మారుతుంది. గని ప్రమాదాల మధ్య బతికే ఊళ్లో ఈ ప్రత్యయాన్ని ఎవరూ తప్పు వినరు.

ఇవన్నీ ఇంగ్లిషుకు అనువాదాలేనని ఒక వాదం ఉంది. అనువాదాలే అయితే ‘ఆన్’ వచ్చిన చోటల్లా ‘ఎక్కు’ రావాలి. ‘గో ఆన్ స్ట్రైక్’కు సమ్మె ఎక్కడం అనాలి. ఎవరంటారు? 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు సమ్మెకు దిగారు. డ్యూటీ విషయంలో ఎక్కుడు, పోరాటం విషయంలో దిగుడు. బరిలోకి, రంగంలోకి, పోటీకి దిగే జాతి భాష కాబట్టే ‘ఆన్’ ఇక్కడ తలకిందులైంది.

తెలుగు నుంచి ఇంగ్లిషులోకి ఎదురు ప్రయాణం కూడా ఉంది. ఇంగ్లిషువాళ్లు బస్సు విషయంలో ‘గెట్ ఆఫ్’, కారు విషయంలో ‘గెట్ అవుట్ ఆఫ్’ అంటారు. మనకు రెండూ దిగడమే. అందుకే గోదావరిఖని మెయిన్ చౌరస్తాలో బస్సు దిగేవాళ్లు ‘గెట్ డౌన్’ అంటారు. భారతీయ ఇంగ్లిషు లక్షణాల్లో ఇది బాగా తెలిసిన ప్రయోగం. పిల్లల రాతల్లో దీన్ని ఎర్రసిరాతో కొట్టేసే ఉపాధ్యాయులు ముందు ‘దిగు’ను పాఠంగా చెప్పాలి. ‘గెట్ డౌన్ టు వర్క్’కు ‘పనిలోకి దిగు’ ఎంత దగ్గరో చూపితే నుడికారాల పట్టిక బట్టీ పట్టే బాధ సగం తీరుతుంది. రామగుండం బడిలోనే కాదు, తెలుగు పిల్లలు ఇంగ్లిషు నేర్చుకునే ప్రతి చోటా ఇదే సరైన దారి.

సింగరేణి గనులను మొదట నడిపిన 1886 నాటి హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఇంగ్లండ్‌లో పుట్టింది. దాని నుంచే 1920లో సింగరేణి కాలరీస్ ఏర్పడింది. ఇన్ని తరాల ఇంగ్లిషు అధికార భాష కింద పనిచేసినా కార్మికులు తమ క్రియలను వదులుకోలేదు. ఇప్పుడు సంస్థ ఉత్పత్తిలో అధిక భాగం ఓపెన్‌కాస్టులదే. అక్కడ డంపర్ ఎక్కడం ఉంది గానీ బాయి దిగడం లేదు. భూగర్భ గనుల్లో పనిచేసి దిగిపోయిన పెద్దలు గోదావరిఖనిలో, మంథనిలో, మంచిర్యాలలో ఇంకా ఉన్నారు. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, సింగరేణి యాజమాన్యం, కార్మిక సంఘాలు కలిసి వాళ్ల మాటలను క్రియలతో సహా, పూర్తి వాక్యాలుగా రికార్డు చేయాలి. ఈ పనికి ఇంకో తరం ఆగడానికి వీల్లేదు.