కొత్తరెడ్డిపాలెం సమాజమందిరం: పాతికేళ్ల ప్రస్థానం

గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో 1991లో మన యూదుల సమాజమందిరం లేచింది. పెద్ద కట్టడమేం కాదు. అయినా తెలుగులో బతుకుతూ హీబ్రూలో ప్రార్థించే నలభైకి అటూఇటూగా ఉన్న మాదిగ కుటుంబాలకు అదే యెరూషలేము. ఇశ్రాయేలులో ఎఫ్రాయిము గోత్రపు సంతతి మనమని పెద్దలు చెప్పగా విన్నాం, బెనె ఎఫ్రాయీం అని పేరు పెట్టుకున్నాం.

తాతలు క్రైస్తవులైన కథ తెలిసిందే. 1876-78 నాటి కరువు, ఒంగోలులో క్లౌ దొర బాప్టిస్టు మిషన్, 1878 జూలై 3న ఒక్కరోజే 2222 మందికి బాప్తిస్మం. ఆ తర్వాత వందేళ్లు చర్చి నీడనే గడిచాయి.

మనల్ని ఈ దారి పట్టించిన శ్మూయేలు యాకోబి గారు కూడా మొదట క్రైస్తవ బోధకులే. 1980లలో యెరూషలేము వెళ్లొచ్చాక ఆయన దారి యూదు మతం వైపు మళ్లింది. సోదరులు సాదోక్ యాకోబి గారు తోడయ్యారు. తెలుగుకీ హీబ్రూకీ చుట్టరికముందని వాదిస్తూ శ్మూయేలు గారు 2002లో ఏకంగా పుస్తకమే రాశారు. పండితులు ఒప్పుకుంటారా లేదా అన్నది వేరే సంగతి. ఊరి చివర పల్లెకు ఒక చరిత్ర ఉందని తలెత్తి చెప్పిన మనిషి ఆయన.

2004లో మనమీద ఉగ్రవాదులు దాడికి పథకం వేశారని పత్రికలు రాశాయి. ఆ భయం కొన్నాళ్లకు పోయింది. పోనిది శనివారం కష్టం. మిరప కోతల్లో మేస్త్రి కబురు పెడితే, ‘రేపు విశ్రాంతి దినం, రాలేం’ అనడానికి ఇంట్లో గింజలుండాలి. శుక్రవారం పొద్దువాలే వేళ దీపాలు వెలిగించిన ఆడబిడ్డలే తెల్లారి సద్దిమూటతో చేలోకి నడిచారు. వాళ్లకు నిష్ఠ లేదన్నవాళ్లూ మనలో ఉన్నారు. ఆ మాట నన్నిప్పటికీ బాధిస్తుంది.



ఇక గుర్తింపు సంగతి. 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ ఈశాన్య రాష్ట్రాల బ్నే మెనాషేలను ఇశ్రాయేలు సంతతిగా గుర్తించారు. మనకా భాగ్యం దక్కలేదు. ఇక్కడేమో 1950 నాటి ఉత్తర్వు ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులకే ఎస్సీ హోదా. యూదులమని కాగితంలో రాయిస్తే పిల్లల సర్టిఫికెట్ పోతుంది. ఆ సర్టిఫికెట్‌తో చదువుకున్న పిల్లలు రేపు పట్నాలకు వెళ్లిపోతే ప్రార్థనకు కావలసిన పదిమంది ఎక్కడినుంచి వస్తారు?

2016లో మహారాష్ట్ర ప్రభుత్వం యూదులకు మైనారిటీ హోదా ఇచ్చింది. మందిరం కమిటీ పెద్దలు ఈ పాతికేళ్ల ఉత్సవం ముగియగానే అలాంటి హోదా కోరుతూ మన ప్రభుత్వానికి అర్జీ పెట్టాలి. ఎస్సీ హక్కు పోకుండా చూడమని అందులోనే రాయాలి.