ఓరుగల్లు వినోదాలు, నేటి వీడియో గేములు

1980లో జపానులో పుట్టిన ప్యాక్‌మ్యాన్‌ను, సోవియట్ కాలపు మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ రూపొందించిన టెట్రిస్‌ను నేటికీ పదేపదే ఆడి, వాటి గుణదోషాలను చర్చిస్తూ వ్రాసేవారు ఎందరో ఉన్నారు. ఈ అభిరుచికి మన ఓరుగల్లులో ఒక పూర్వరూపం ఉన్నది.

వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామంలో (అది శ్రీనాథుని రచన అన్న వాదం జోలికి నేను పోను) మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులు కాకతీయుల రాజధానిలో ఒక దినమంతా విహరిస్తారు. కోడిపందెం, పొట్టేళ్ల పోరు చూస్తారు. పలనాటి వీరుల కథాగానం వింటారు. కనిపించిన ప్రతిదానిపైనా వ్యాఖ్యానిస్తారు. పోరులో కూలిన పుంజులకు వీరులకువలె స్వర్గప్రాప్తిని చెప్పే పరిహాసం ముచ్చటైనది. శాసనాలకెక్కని వీథుల జీవితం ఈ వినోదప్రియత్వం వల్లనే మనకు దక్కింది.

అయితే అభిరుచి ఎక్కడ వ్యాధిగా మారుతుంది? జూదాన్ని పూర్వులు సప్తవ్యసనాలలో చేర్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన ఐసీడీ-11 వ్యాధుల వర్గీకరణలో ‘గేమింగ్ డిజార్డర్’ చేరింది. 2022 జనవరి నుండి అది అమలులోనికి వచ్చింది. ఎన్ని గంటలు ఆడారన్నది అందులో కొలమానం కాదు. ఆటపై అదుపు తప్పడం, తక్కిన పనులన్నీ ఆట తరువాతివే కావడం, హాని కలుగుతున్నా మానలేకపోవడం అనే లక్షణాలు సాధారణంగా ఏడాదిపాటు కనిపించాలి. గేములాడే బిడ్డను చూచి కలవరపడే తల్లిదండ్రులు గడియారంకంటె ముందు వాని నిద్రను, తిండిని, చదువును, స్నేహాలను గమనించాలి.

మంచనశర్మకు మాత్రం ఈ రోగాన్ని అంటగట్టలేము. ఒక వినోదం ముగియగానే మరొక వీథికి కదిలేవాడు. పూటకూటింటి భోజనాన్ని కూడ మరువలేదు.