స్లీప్ ఆప్నియాలో నోటి పరికరం సర్దుబాటు

నిద్రలో గొంతు కండరాలు సడలి, నాలుక వెనక్కు జారి, శ్వాసమార్గం మాటిమాటికీ మూసుకుపోయే వ్యాధిని అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు. దీని చికిత్సకు వాడే సాధనాలలో నోటి పరికరం ఒకటి. ఇందులో పై పళ్ళకు ఒకటి, కింది పళ్ళకు ఒకటి చొప్పున సాధారణంగా రెండు తొడుగులుంటాయి. రాత్రి ధరించినపుడు ఇది కింది దవడను ముందుకు నిలుపుతుంది. దవడతో పాటు నాలుక కూడా ముందుకు రావడం వలన గాలి వెళ్ళే దారి తెరచుకుంటుంది. దవడను ఎంత ముందుకు జరపాలో క్రమంగా నిర్ణయించే పద్ధతిని సర్దుబాటు లేదా టైట్రేషన్ అంటారు.

చరిత్ర

దవడను ముందుకు నిలిపి శ్వాసమార్గాన్ని తెరిచే పరికరాన్ని ఫ్రాన్సుకు చెందిన వైద్యుడు పియర్ రాబిన్ 20వ శతాబ్దపు తొలి దశకాలలో పిల్లలకు వాడాడు. 1981లో ఆస్ట్రేలియాకు చెందిన కాలిన్ సల్లివాన్, ఆయన సహచరులు ముక్కు ద్వారా గాలి ఒత్తిడిని పంపే సీపాప్ చికిత్సను ప్రకటించారు. సీపాప్‌ను తట్టుకోలేనివారికి, లేదా వేరొక చికిత్స కోరుకునేవారికి నోటి పరికరం ఇవ్వవచ్చునని 2015లో అమెరికా నిద్రవైద్య, దంత నిద్రవైద్య సంస్థల ఉమ్మడి మార్గదర్శకాలు సూచించాయి. రోగి పళ్ళ అచ్చు ప్రకారం తయారై, సర్దుబాటుకు వీలున్న పరికరం మేలని కూడా అవి తెలిపాయి.

సర్దుబాటు విధానం

రోగి తన కింది దవడను ఎంతవరకు ముందుకు చాచగలడో దంతవైద్యుడు మొదట కొలుస్తాడు. సాధారణంగా ఆ దూరంలో 50 నుండి 70 శాతం వద్ద పరికరాన్ని ప్రారంభిస్తారు. తరువాత కొన్ని వారాలు లేదా నెలల పాటు, మర తిప్పడం ద్వారా గాని, పట్టీలు మార్చడం ద్వారా గాని దవడను మిల్లీమీటరులో కొంత భాగం చొప్పున ముందుకు జరుపుతారు. గురక, పగటి మగత తగ్గుతున్నాయా, దవడలో నొప్పి ఉందా అన్నది గమనిస్తూ ముందుకు సాగుతారు. ఎక్కువ జరిపితే ఫలితం పెరగవచ్చు, కాని నొప్పి కూడా పెరుగుతుంది. కనుక ఫలితాన్నిచ్చే కనీస దూరాన్ని ఎంచుకుంటారు.

ఫలిత నిర్ధారణ

గురక ఆగినంత మాత్రాన వ్యాధి అదుపులోకి వచ్చినట్లు కాదు. శబ్దం లేకుండానే శ్వాస ఆగుతూ ఉండవచ్చు, రక్తంలో ఆక్సిజన్ తగ్గుతూ ఉండవచ్చు. అందువలన సర్దుబాటు ముగిశాక పరికరం ధరించి నిద్ర పరీక్ష చేయించుకోవాలి. గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగిందో, లేదా బాగా తగ్గిందో ఈ పరీక్ష లెక్కిస్తుంది. పెద్దలలో ఈ సంఖ్య 5 కంటే తక్కువైతే సాధారణం, 5 నుండి 15 లోపు స్వల్పం, 15 నుండి 30 లోపు మధ్యస్థం, 30 లేదా అంతకు మించితే తీవ్రం.

దుష్ఫలితాలు, పరిమితులు

మొదట్లో లాలాజలం ఎక్కువగా ఊరడం, నోరు ఎండిపోవడం, పళ్ళు, దవడ కీళ్ళు నొప్పిగా ఉండడం సాధారణం. ఏళ్ళ తరబడి వాడితే పళ్ళు స్వల్పంగా కదిలి, పై కింది పళ్ళ కలయిక మారవచ్చు. అందువలన క్రమం తప్పక దంతవైద్యుని వద్ద పరీక్ష అవసరం. తగినన్ని గట్టి పళ్ళు లేనివారికి, చిగుళ్ళ వ్యాధి లేదా దవడ కీలు వ్యాధి తీవ్రంగా ఉన్నవారికి ఈ పరికరం సాధారణంగా తగదు.