క్లిక్కర్ కన్నా చర్చే కీలకం: కళాశాల తరగతుల్లో ‘పీర్ ఇన్‌స్ట్రక్షన్’

బరువైన లారీ, చిన్న కారు ఎదురెదురుగా ఢీకొంటే దేనిపై ఎక్కువ బలం పనిచేస్తుంది? న్యూటన్ మూడో నియమం ప్రకారం రెండింటిపైనా సమానమే. ఆ నియమాన్ని తడుముకోకుండా అప్పజెప్పే విద్యార్థుల్లోనూ చాలామంది కారుపైనే ఎక్కువని చెబుతారు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ తన తరగతిలో ఈ లోపాన్నే గుర్తించి, 1991లో ‘పీర్ ఇన్‌స్ట్రక్షన్’ పద్ధతిని ప్రారంభించారు. 1997లో దీనిపై పుస్తకం వెలువరించారు.

ఈ విధానంలో అధ్యాపకుడు కొద్దిసేపు బోధించి, గణనతో పనిలేకుండా అవగాహనను పరీక్షించే బహుళైచ్ఛిక ప్రశ్న వేస్తారు. విద్యార్థులు ఎవరికివారే ఆలోచించి ఓటు వేస్తారు. సరైన జవాబిచ్చినవారు సుమారు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే, జవాబు వెల్లడించకుండా పక్కవారితో చర్చించమని సూచిస్తారు. అనంతరం మళ్లీ ఓటింగ్ జరుగుతుంది. అంతకంటే తక్కువైతే పాఠాన్ని తిరిగి వివరించాలి. ఎక్కువైతే ముందుకు సాగవచ్చు. తొలి ఓటింగ్ ఫలితాన్ని తెరపై చూపకపోవడమే మేలు. చూపితే చర్చ మాని మెజారిటీ వైపు మొగ్గే ప్రమాదం ఉంది.

అప్పుడే విషయం గ్రహించిన విద్యార్థికి తాను ఎక్కడ తడబడిందీ గుర్తుంటుంది. ఏళ్ల తరబడి బోధిస్తున్న అధ్యాపకుడికి అది గుర్తుండకపోవచ్చు. పద్ధతి బలమంతా ఇక్కడే ఉంది.

ఓట్ల సేకరణకు క్లిక్కర్లు, ఫోన్లలో పనిచేసే మెంటీమీటర్ వంటివి ఉన్నాయి. ప్లికర్స్‌లో విద్యార్థులు ముద్రిత కార్డు ఎత్తి చూపితే చాలు, అధ్యాపకుడి ఫోన్ కెమెరా జవాబులను నమోదు చేస్తుంది. అదీ లేనిచోట ఎ, బి, సి, డి అని రాసిన అట్టముక్కలు సరిపోతాయి. అయితే ఈ ఓట్లకు మార్కులు కేటాయిస్తే, చర్చ పోయి తరగతిలో ముందున్నవారి జవాబును అనుకరించడమే మిగులుతుంది.