పొయ్యి వైపు నుంచి పంక్తి చరిత్ర

సాహిత్య విమర్శలో తిండి ప్రసక్తి తెస్తే మనవాళ్ళలో చాలామందికి నవ్వొస్తుంది. ప్రబంధాల్లోని విందు వర్ణనలు భోగలాలసకు నిదర్శనాలని ఒక ముక్క రాసేసి ముందుకు సాగిపోవడం మన విమర్శకు అలవాటు. ఆకలి గురించి మనం చాలా రాశాం, రాయవలసిందే. కాని ఆకలి తీరే చోటు గురించి, నలుగురు మనుషులు ఒకచోట కూర్చుని రుచిగా, కడుపునిండా తినే చోటు గురించి రాసింది బహు తక్కువ. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో కావ్యాల్లోని కూరలూ, వడియాలూ, పచ్చళ్ళూ కూడా చరిత్రకు ఆధారాలేనని రుజువు చేశారు. 1955లో సాహిత్య అకాడమీ తెలుగుకిచ్చిన మొట్టమొదటి బహుమతి ఆ పుస్తకానికే దక్కింది. అంత గౌరవించిన పుస్తకం చూపిన దారిలో మనం ఎంత దూరం నడిచామన్నది వేరే ప్రశ్న.

ఈ వ్యాసంలో నేను ప్రతిపాదించదలచింది ఒక్కటే. మన దేశంలో కలిసి తినడమనేది ఊరికే వచ్చిన అలవాటు కాదు, పోరాడి సాధించుకుంటున్న హక్కు. ఆ పోరాట చరిత్రను మనం ఇంతవరకూ పంక్తి వైపు నుంచి, ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారన్న దృష్టితో చూశాం. దాన్ని పొయ్యి వైపు నుంచి, ఎవరు వండితే ఎవరు తిన్నారన్న దృష్టితో చూడాలి. అలా చూస్తే మనకు తెలిసిన కావ్యాలూ, నాటకాలూ, ఉద్యమాలూ కొత్త అర్థాలిస్తాయి.

దీనికి ఆధారం మన ఆచారంలోనే ఉంది. స్వయంపాకం అనే మాట అందరికీ తెలిసిందే. బియ్యం, పప్పు, కూరగాయలు, నెయ్యి వండకుండా బ్రాహ్మణుడికి ఇస్తే అది స్వయంపాకం. ఇచ్చినవాడు ఏ శూద్రుడైనా పుచ్చుకోవడానికి అభ్యంతరం లేదు. అవే బియ్యం అతని ఇంటి పొయ్యి మీద నీళ్ళలో ఉడికితే మాత్రం ముట్టుకోకూడనివైపోతాయి. ఇందులోని తర్కాన్ని కొంచెం విప్పి చూడండి. ఆ వరిని దుక్కి దున్ని, నాటి, కోసి, నూర్చిన చేతులు మాల మాదిగల చేతులు. దంపిన చేతులు మరొకరివి. ఇన్ని చేతులు మారినా గింజకు అంటు రాలేదు. ధాన్యానికి అంటు అంటగడితే భూస్వామి గాదె నిండదు. కనుక శ్రమఫలానికి మినహాయింపు ఉంది. గింజ అన్నమయ్యే చోట, అంటే పొయ్యి దగ్గర, కులం గీత గీసింది. దోపిడికి అడ్డురాకుండా అవమానాన్ని నిలబెట్టుకోవడానికి ఇంతకంటే తెలివైన ఏర్పాటు మరొకటి ఉండదు.

నేను విశాఖపట్నంలో చదువుకునే రోజుల్లో మేం నలుగురం ఒక గది అద్దెకు తీసుకుని కిరసనాయిలు స్టవ్ మీద వండుకునేవాళ్ళం. నాలుగు కులాల వాళ్ళం. వంతులవారీగా వంట. మా అందరిలోకీ బాగా వండే మిత్రుడు మాలపల్లె నుంచి వచ్చినవాడు. అతని చేతి గోంగూర పప్పు కోసం పక్క గదుల వాళ్ళు గిన్నెలు పట్టుకొచ్చేవాళ్ళు. ఒకరోజు మరో మిత్రుడి తండ్రి ఊరినుంచి వచ్చాడు. పెద్దమనిషి, ఎవర్నీ నొప్పించే స్వభావం కాదు. మాతోపాటే చాప మీద కూర్చున్నాడు, ఎంతో ఆప్యాయంగా మాట్లాడాడు. కంచం ముందు పెట్టేసరికి మాత్రం కడుపులో బాగోలేదన్నాడు. అప్పుడు ఆ గోంగూర పప్పు వండిన మిత్రుడే బజారుకెళ్ళి అరటిపళ్ళు తెచ్చాడు. ఆయన సంతోషంగా నాలుగు పళ్ళు తిన్నాడు. తెచ్చిన చెయ్యి అదే, వండిన చెయ్యీ అదే! పక్కన కూర్చోవడానికి అడ్డురాని కులం పప్పు గిన్నె దగ్గర అడ్డొచ్చింది. సహపంక్తి అనే మాటలో ఉన్న వెలితి నాకు పుస్తకాల కంటే ఆ సాయంత్రమే బాగా బోధపడింది.

ఈ వెలితిని మన కవుల్లో ఎంతో ముందుగా పట్టుకున్నవాడు పాల్కురికి సోమనాథుడు. బసవపురాణంలో మాదర చెన్నయ్య కథ ఉంది. అతను కరికాలచోళుడి గుర్రాలకు గడ్డి కోసి తెచ్చే మాదిగ. రాజు ప్రతిరోజూ శివుడికి పంచభక్ష్యాలు నివేదన చేస్తాడు. ఒకరోజు శివుడు ఆ నైవేద్యం ముట్టడు; చెన్నయ్య పెట్టిన అంబలి తాగి కడుపు నిండిందంటాడు. రాజు చెన్నయ్యను వెతుక్కుంటూ వెళ్ళి మొక్కుతాడు. ఈ కథను భక్తి మహిమగా చెప్పి ఊరుకోవడం పరిపాటి. కాని సోమనాథుడు దేవుణ్ణి చెన్నయ్య పక్కన కూర్చోబెట్టి సరిపెట్టలేదు; చెన్నయ్య కుండలోది తాగించాడు. తాగింది స్వయంపాకం కాదు, పళ్ళూ పాలూ కాదు, ఉడికిన అంబలి. ఆచారం గీత గీసిన చోటనే కవి గీత చెరిపాడు. వీరశైవం తర్వాతి కాలంలో ఏమయిందన్నది వేరే చర్చ. ఈ ఒక్క ఘట్టంలో మాత్రం అతని చూపు సూటిగా పొయ్యి మీదే ఉంది.

అంబలి అనగానే దరిద్రుల తిండి అని జాలిపడేవాళ్ళకు దాని రుచి తెలియదన్నమాట. మా ఉత్తరాంధ్రలో చోడి అంబలి కాచడం మా అమ్మమ్మ దగ్గర చూశాను. చోడిపిండిని సాయంత్రం నీళ్ళలో కలిపి మట్టికుండలో ఉంచితే తెల్లారేసరికి సన్నగా పులుస్తుంది. ఎసట్లో గుప్పెడు నూకలు ఉడికించి, ఆ పులిసిన పిండి పోసి, అడుగంటకుండా తెడ్డుతో తిప్పుతూ కాచాలి. చల్లారాక ఉప్పూ మజ్జిగా కలిపి, ఉల్లిపాయ నంజుకుంటూ తాగితే మిట్టమధ్యాహ్నం దాకా పొలంలో నడుం వంచి పనిచెయ్యొచ్చు. పులియబెట్టడం వల్ల తేలిగ్గా అరుగుతుంది, చోళ్ళలోని సున్నపు ధాతువు ఎముకలకు బలమిస్తుంది. శాస్త్రజ్ఞులు ఆ పేరు పెట్టడానికి ఎంతో ముందే శ్రామిక స్త్రీలు కనిపెట్టిన శాస్త్రమిది. లేమిలోంచి ఆరోగ్యాన్నీ రుచినీ రెంటినీ పిండిన ప్రతిభ అది. దాన్ని జాలితో చూడటం ఆ ప్రతిభను అవమానించడమే.

అదే అంబలి శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలోనూ ఉందంటే కొందరికి ఆశ్చర్యం కలగొచ్చు. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు వచ్చిపోయే వైష్ణవులకు ఏ కాలానికి తగిన భోజనం ఆ కాలంలో పెడతాడు. వానాకాలం పప్పు, పోపు పెట్టిన నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, నెయ్యి, పెరుగు. వేసవిలో నులివెచ్చని అన్నం, తియ్యని చారు, పలచని అంబలి, చెరకు రసం, లేత కొబ్బరినీళ్ళు, నీటి మజ్జిగ. చలికాలం మిరియాల ఘాటు. ఋతువుకూ ఒంటికీ పొత్తు కుదిర్చిన ఈ భోజనక్రమం నేటికీ మెచ్చుకోదగ్గది. అయితే చెన్నయ్య ఇంట అంబలి బతుకుదెరువు. విష్ణుచిత్తుడి ఇంట అది వేసవి చలవ. ఒక వంటకం రెండు ఇళ్ళలో రెండు వర్గాల చరిత్ర చెబుతోంది.

ఇదే పద్యాల్లో నన్ను ఆపేసిన వివరం మరొకటుంది. ముసురు పట్టిన రోజుల్లో విష్ణుచిత్తుడి భార్య కళ్ళకు పొగ తగలకుండా ఎండిన కొబ్బరి పొట్టుతో మంట పెట్టి వండుతుందట! వానకు తడిసిన కట్టె పొగ చిమ్ముతుందనీ, ఆ పొగ వండే ఆడదాని కళ్ళలో పడుతుందనీ, 1509 నుంచి 1529 దాకా సామ్రాజ్యం ఏలిన మనిషికి తెలిసింది. రాయలను ప్రజాకవి అని నేను అనబోవడం లేదు. రాజుకు కనిపించిన పొగ మన ఆధునిక విమర్శకులకు ఎందుకు కనిపించలేదని అడుగుతున్నాను. ఈ పద్యం మీద వచ్చిన వ్యాఖ్యానాలు వంటకాల జాబితా దగ్గర లొట్టలు వేసినంతగా ఆ కళ్ళ దగ్గర ఆగలేదు.

ఇక పలనాటి చాపకూడు. పన్నెండో శతాబ్దపు బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టాడని పలనాటి వీరగాథల సంప్రదాయం. మాల కన్నమదాసు అతని సేనాని. అక్కిరాజు ఉమాకాంతంగారు 1911లో పల్నాటి వీరచరిత్రను పరిష్కరించి ప్రకటించాక చదువుకున్నవాళ్ళకు కూడా ఈ కథ తెలిసింది. కారంపూడిలో ఏటా కార్తీక మాసంలో జరిగే వీరుల ఉత్సవాల్లో నేటికీ చాపకూడు ఒక భాగం. ఆనాటి భూస్వామ్య సమాజంలో యుద్ధానికి అన్ని కులాల చేతులూ కావలసి వచ్చాయి. ఆ అవసరమే ఆ చాపను పరిచిందని చరిత్ర దృష్టితో చెప్పుకోవచ్చు. అయినా దాని గొప్పతనం తగ్గదు. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ మాట వింటే ప్రజల గుండె పొంగుతుంది. కాని కథ చాప మీద ఆగిపోతుంది. ఆ కూడు వండిందెవరో గాథ చెప్పదు, మనమూ అడగలేదు.

డబ్బు చలామణి పెరిగిన చోట భోజనం సరుకయింది. ఓరుగల్లు నగర జీవితాన్ని చిత్రించిన క్రీడాభిరామంలో ఒక రూక ఇస్తే కమ్మని భోజనం పెట్టే పూటకూళ్ళ ఇల్లుంది. ఆ ఇల్లే నాలుగైదు శతాబ్దాల తర్వాత గురజాడ కన్యాశుల్కంలోకి వచ్చింది. 1892లో తొలిసారి ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, 1909లో పూర్తిగా తిరగరాసిన ఆ నాటకంలో మధురవాణికీ, బుచ్చమ్మకూ, వెంకమ్మకూ పేర్లున్నాయి. పూటకూళ్ళమ్మకు లేదు. ఆమె వితంతువు. సంఘం ఆమెకు మిగిల్చిన బతుకుతెరువు పొయ్యి ఒక్కటే. ఆ పొయ్యే ఆమె పేరును మింగేసింది. గిరీశం ఆమె తిండి తిని, ఆమె డబ్బు కాజేసి, వితంతూద్ధరణ మీద ఉపన్యాసాలు దంచుతాడు. సంస్కరణ మాటల డొల్లతనాన్ని గురజాడ ఇలా వంటింటి లెక్కల్లో చూపించాడు. ఆమె చీపురు పట్టుకుని వచ్చిన ఘట్టానికి మనం నవ్వుతాం. నవ్వుతూనే గమనించాలి, మన నాటక సాహిత్యంలో తన కూలి అడగడానికి వచ్చిన వంటమనిషి ఆమె.

సంస్కరణ చరిత్రలో కూడా భోజనమే అసలు పరీక్ష అయింది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగంగారు తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు, పెళ్ళికి వెళ్ళడంకన్నా అక్కడ భోజనం చెయ్యడం పెద్ద నేరమైంది. వెలి వేశారు, భయపడి ప్రాయశ్చిత్తం చేసుకున్నవాళ్ళున్నారు. వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ రాని ఆ రోజుల్లో రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నీళ్ళు మోసి, వండి పెట్టారని ఆ దంపతుల చరిత్ర రాసినవారు చెబుతారు. ఉపన్యాసం వీరేశలింగంగారిది, ఆ ఉపన్యాసానికి కూడు పెట్టి నిలబెట్టింది ఆమె. తర్వాతి కాలంలో గోరాగారు కృష్ణా జిల్లా ముదునూరులో సహపంక్తి భోజనాలను ఉద్యమ కార్యక్రమంగా నడిపారు. తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీలు దళాలకు అన్నం మోశారు, రహస్య స్థావరాల్లో వండి పెట్టారు. 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' ఆ స్త్రీల నోటి మాటలను గ్రంథస్థం చేసేదాకా ఆ శ్రమకు మన పోరాట చరిత్రల్లో చోటు దొరకలేదు.

ఇది గతించిన చరిత్ర కాదు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని ఆదేశించింది. 2004 ఏప్రిల్ 20 నాటి ఉత్తర్వులో వంటమనుషుల నియామకంలో దళితులకూ గిరిజనులకూ ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. నా దృష్టిలో ఈ రెండో ఉత్తర్వు చాపకూడు కంటే ఒక మెట్టు ముందుకు వెళ్ళింది. పిల్లల్ని ఒకే వరుసలో కూర్చోబెట్టి సరిపెట్టకుండా, గరిటె ఎవరి చేతిలో ఉండాలో అది చెప్పింది. దళిత స్త్రీ వండిందని పిల్లలకు ఇంటినుంచి క్యారేజీలు కట్టి పంపిన తల్లిదండ్రుల వార్తలు దేశంలో పలుచోట్ల నుంచి వచ్చాయంటే, గీత ఇంకా పొయ్యి దగ్గరే ఉందన్నమాట. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకానికి 2024లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో దారిన పోయేవాళ్ళందరికీ వేళాపాళా లేకుండా వండి పెట్టిన ఆ తల్లి (1841-1909) పేరు నిలవడం సంతోషించదగ్గ విషయం. వండిన మనిషిగా చరిత్రకెక్కిన బహుకొద్దిమందిలో ఆమె ఒకరు. అయితే ఆ పేరుతోనే బడిలో పొగలో నిలబడి వందమందికి వండే స్త్రీకి ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం! 2009లో కేంద్రం నిర్ణయించింది నెలకు 1000 రూపాయలు. రాష్ట్రాలు తమకు తోచినంత కలిపాయి. గౌరవం అనే మాటను కూలి ఎగ్గొట్టడానికి ఇంత సొగసుగా వాడిన సందర్భం మరొకటి నాకు కనబడదు.

సాహిత్యం ఈ మార్పును పట్టుకోలేదని నేను అనను. విమల 'వంటిల్లు' కవితతో, పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథతో పొయ్యి వైపు నుంచి గొంతు వినిపించడం మొదలయింది. సత్యవతి కథలో ఇల్లాలు తన పేరు మరిచిపోయి వెతుక్కుంటూ బయలుదేరుతుంది; పూటకూళ్ళమ్మ పోగొట్టుకున్న పేరు కూడా అదే అనిపిస్తుంది నాకు. మాలతీ చందూర్ 'వంటలు-పిండివంటలు' లెక్కలేనన్ని ఇళ్ళకు చేరింది. ఆమె నవలల మీద పరిశోధనలు చేసినవాళ్ళు ఆ పుస్తకాన్ని చేత్తో తాకరు. ఏ వంటలు అందులోకి ఎక్కాయి, ఏ కులాల, ఏ ప్రాంతాల పొయ్యిలు బయటే ఉండిపోయాయి అన్నది ఎవరైనా విద్యార్థి చెయ్యదగ్గ మంచి పరిశోధన.

కలిసి వండుకుని కలిసి తినడంలో ఉన్న ఆనందాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. మనిషికి దక్కే గొప్ప సుఖాల్లో అదొకటి. అందుకే అది కొందరికే దక్కకూడదంటున్నాను. కావ్యంలో గాని, కథలో గాని, ఉద్యమ చరిత్రలో గాని విందు కనిపించినప్పుడు మన విమర్శకులు మూడు ప్రశ్నలు అడగాలి. ఈ గింజ ఎవరు పండించారు? ఈ అన్నం ఎవరు వండారు? వండిన మనిషి తిన్నదా, తింటే ఎప్పుడు, ఎవరి పక్కన? మొదటి ప్రశ్నను అభ్యుదయ సాహిత్యం గట్టిగానే అడిగింది. మిగతా రెండూ మన వంతుకు మిగిలి ఉన్నాయి.