చంటిబిడ్డలో చంటి

కన్ను – కంటి, పన్ను – పంటి, మిన్ను – మింటి. ఈ వరసలోదే చన్ను – చంటి. బాలవ్యాకరణం కాస్తయినా చదివినవాళ్లకు ఇ, టి, తి అనే ఔపవిభక్తిక వర్ణాలు గుర్తుండే ఉంటాయి. కంటిరెప్ప, పంటికింద రాయి అన్నప్పుడు ఆ టి ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. చంటిబిడ్డ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మరిచిపోతాం. చంటి అంటే చిన్న అనో, ముద్దు అనో అనుకుంటాం. కంటిరెప్ప కన్నుకు చెందిన రెప్ప అయితే, చంటిబిడ్డ చన్నుకు చెందిన బిడ్డ. వయసును బట్టి వచ్చిన పేరు కాదిది, బిడ్డ ఉండే చోటును బట్టి వచ్చింది.

ఒక్కో భాష ఒక్కోచోట నిలబడి బిడ్డను చూస్తుంది. ఇంగ్లీషువాళ్ల ఇన్‌ఫెంట్‌కు మూలమైన లాటిన్ మాటకు అర్థం మాట రానివాడని. మన పసిబిడ్డలో పసి, లేతదనాన్ని చెబుతుంది. సంస్కృతంలో స్తనంధయ అని ఉంది, చన్ను తాగే బిడ్డ అని. చంటికి దగ్గర చుట్టం అదే. అందులోని ధాతువు నుంచే పాలిచ్చే ఆవుకు ధేనువని పేరు. పాలిచ్చి పెంచే ధాత్రినీ ఆ ధాతువుకే ముడిపెడతారు. మన దాది ఆ ధాత్రి ఇంటిదే. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలోని తల్లిపాల బ్యాంకుకు ధాత్రి అని పేరు పెట్టినవాళ్లకు మాట విలువ తెలుసు.

చంటి ఆ తర్వాత బిడ్డను వదిలేసి తానే ఒక పేరైపోయింది. ఎంతమంది ఇళ్లలో ఎంతమంది చంటిలు! 1992లో వచ్చిన వెంకటేశ్ సినిమాలో చంటి మీసాలొచ్చిన యువకుడు. లోకం తెలియని అమాయకుడని చెప్పడానికి ఆ పేరు. తిరుమలలో మళ్లీ పక్కా లెక్క. ఏడాదిలోపు బిడ్డ ఉంటేనే చంటిపిల్లల తల్లిదండ్రులకిచ్చే ప్రత్యేక ప్రవేశం దొరుకుతుంది. బిడ్డ ఇంకా పాలు తాగుతోందా లేదా అని అక్కడెవరూ అడగరు, పుట్టిన తేదీ చాలు.

ఈలోగా చన్ను అన్న మాటే నలుగురిలో పలకలేనిదైంది. కన్నుకూ పన్నుకూ పట్టని అశ్లీలం దానికి పట్టింది. అందుకే చనుబాలు పుస్తకాల్లోకి వెళ్లిపోయాయి, గోడమీద పోస్టర్లలో తల్లిపాలు వచ్చి కూచున్నాయి. మంచి మాటే, తప్పు పట్టను. కానీ చనుబాలు అన్నప్పుడు తాగే చోటు కూడా తెలిసేది. తల్లిపాలు పిండి గిన్నెలో పోసినా తల్లిపాలే. చన్ను కుడవడం అన్న పాత క్రియ కూడా పోయింది. కుడుచు అంటే తాగడం, పశువులు తాగే కుడితిలో ఇంకా మిగిలింది. పశువుల దగ్గర సిగ్గుపడం కాబట్టి వాటి మాటలు బతికాయి.

1992 అన్నాను కదా. ఆ ఏడాదే మన పార్లమెంటు డబ్బాపాల మీద, పాలసీసాల మీద చట్టం చేసింది. ప్రపంచ తల్లిపాల వారోత్సవం మొదలైందీ ఆ ఏడాదే. దేశంలో మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 1992–93లో జరిగింది. పుట్టిన గంటలోపు చన్ను అందిన బిడ్డలు అప్పుడు నూటికి పదిమంది కూడా లేరు. 2005–06 నాటి మూడో సర్వేకు అది దాదాపు నాలుగోవంతుకు వచ్చింది. 2015–16 నాటి నాలుగో సర్వేలో 41.6 శాతం. ఆ తర్వాత, 2019–21 నాటి అయిదో సర్వేలో, 41.8. ఇరవయ్యేళ్లకు పైగా మెట్లెక్కినవాళ్లం అక్కడ చతికిలబడ్డాం.

ఇక్కడ ఒకటి స్పష్టం చేయాలి. మన దేశంలో బిడ్డకు అసలు పాలివ్వని తల్లులు బహు తక్కువ. నూటికి 95 మందికి అటూ ఇటూగా ఎప్పుడో ఒకప్పుడు ఇస్తూనే ఉన్నారు, చాలామంది రెండేళ్ల దాకా ఇస్తారు. ఐరోపాలో, అమెరికాలో ఇస్తారా మానతారా అన్నది ప్రశ్న. ఇక్కడ చిక్కంతా మొదలెప్పుడు, మధ్యలో ఇంకేం కలుపుతారు అన్న రెండింటి దగ్గరే. ఆ రెండింటికీ తెలుగులో విడివిడి మాటలున్నాయి.

మొదటిది ముర్రు. ఈనిన ఆవు ముర్రుపాలంటే మనకు ప్రాణం. జున్ను కాచి, బెల్లం మిరియాలు వేసి, ఇరుగుపొరుగుకు గిన్నెలు పంపుతాం. అదే ఇంట్లో కాన్పయిన కోడలి ముర్రును మాత్రం పిండి పారబోయించేవాళ్లు. పచ్చగా చిక్కగా ఉంటుంది, బిడ్డకు అరగదు, దోషమని. దూడకు మంచిదైనది, మనకు కమ్మనైనది, మన బిడ్డకు ఎలా చేటయిందో ఎవరూ అడిగినట్టు లేదు. ఆ పచ్చదనంలో విటమిన్ ఎ ఉంది, బిడ్డ పేగుల్ని కాపాడే ప్రతిరక్షకాలున్నాయి. కొన్ని చెంచాలే వస్తాయి, ఆ పొట్టకు అవి చాలు.

అయితే తప్పంతా మూఢనమ్మకం మీదికి తోసేస్తే మాట పొల్లు పోతుంది. ‘ఇంకా పాలు పడలేదు’ అంటారు మన ఆడవాళ్లు. రెండో రోజునో నాలుగో రోజునో చన్నులు బరువెక్కి తెల్లటి పాలు వస్తే అప్పుడు పాలు పడ్డట్టు. అంటే అంతకుముందు వచ్చేది పాల లెక్కలో లేదు. ఆ రెండు మూడు రోజులూ బిడ్డ నోట్లో ఏదో ఒకటి పడాలి కాబట్టి తేనె చుక్క, చక్కెర నీళ్లు, ఆముదం, కొన్నిచోట్ల వీధిలో అమ్మకానికొచ్చే గాడిదపాలు. పారబోసింది అజ్ఞానమే అనుకుందాం, దానికి దారి వేసింది ఈ పాలు పడలేదన్న వాక్యం. ముర్రుకు పాలు చేర్చి ముర్రుపాలు అన్నప్పుడల్లా ఆ వాక్యానికి కొంత జవాబు చెప్పినట్టే.

పడటం వానలాంటిది, దానంతటది పడాలి. ఈ విషయంలో చేపు అన్న మాట తెలివైనది. దూడను విడవనిదే ఆవు చేపదని పాడి ఉన్న ప్రతి ఇంట్లో తెలుసు. దూడ మూతి తగిలితే, పొదుగును కుమ్మితే పాలు దిగుతాయి. తల్లి విషయమూ అంతే. బిడ్డ చప్పరిస్తేనే ప్రొలాక్టిన్ పాలను తయారుచేయిస్తుంది, ఆక్సిటోసిన్ వాటిని కిందికి దించుతుంది. పాలు పడ్డాక బిడ్డను పెడదామనుకోవడం, ఆవు చేపాక దూడను విడుద్దామనుకోవడం వంటిది. చేపు ఎంత చక్కటి మాటో, దాన్ని ఏ ఆరోగ్య కరపత్రంలోనూ నేను చూడలేదు.

ఇప్పుడు అసలు విచిత్రానికి వస్తాను. ముర్రు పారబోయించే అత్తల కాలం చాలావరకు వెళ్లిపోయింది. కాన్పులు ఆసుపత్రికి మారాయి. 2015–16లో దేశంలో 78.9 శాతం కాన్పులు ఆసుపత్రుల్లో జరిగితే, అయిదో సర్వే నాటికి 88.6 శాతం. నర్సులు, డాక్టర్లు, గోడ మీద తల్లిపాల పోస్టరు, అన్నీ ఉన్న చోట మొదటి గంట అంకె ఎగబాకాలి. అది 41.6 నుంచి 41.8కి వచ్చి ఆగింది. తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రిలోనే, మొదటి గంటలో చన్ను అందింది 37.1 శాతానికి. ఆంధ్రప్రదేశ్ కొంత నయం, 52 శాతం.

వెంటనే సిజేరియన్ల మీద పడతాం. పడాల్సిందే: అయిదో సర్వేలో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు, ఆంధ్రలో 42.4. కోత కోసిన తల్లి ఒక గదిలో, బిడ్డ ఇంకో గదిలో, బయట వరండాలో అమ్మమ్మ చేతిలో చెంచా. కానీ ఉత్తరప్రదేశ్‌ను చూడండి. అక్కడ సిజేరియన్లు 13.7 శాతమే, మొదటి గంట అంకె మాత్రం 23.9. కత్తి ఒక్కటే కారణమైతే ఈ లెక్క కుదరదు. నడుముకు మత్తిచ్చి చేసే ఆపరేషన్‌లో తల్లి మెలకువగానే ఉంటుంది, బిడ్డను తెచ్చి రొమ్ముకు ఆనించే మనిషి ఉంటే గంటలోపు పట్టించవచ్చు. ఆ మనిషిని కేటాయించడం లేదు. ఒకప్పుడు ఇంట్లో ఆచారం చేసిన ఆలస్యాన్ని ఇవాళ ఆసుపత్రి అలవాటు చేస్తోంది. ఆచారమైతే పోట్లాడొచ్చు. ఇది డ్యూటీ చార్టులో ఎక్కడా ఉండదు, ఎవరితో పోట్లాడాలి?

రెండో మాట ఉగ్గు. తల్లిపాలలో ఆముదం రంగరించి బిడ్డకు పట్టేదాన్ని ఉగ్గు అన్నారు. ఉగ్గుపాలతో నేర్చిన విద్య అంటే మనకు పొగడ్త. ఇవాళ్టి డాక్టరు మొదట వద్దనేది దీన్నే. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దంటారు. ఆ పాలలో నూటికి 87 పాళ్లు నీళ్లే. మే నెల ఎండలో ఒక అమ్మమ్మకు ఈ మాట చెప్పి ఒప్పించడం చిన్న పని కాదు. అయినా ఒప్పించారు. కేవలం తల్లిపాల మీద ఉన్న ఆరు నెలల్లోపు పిల్లలు మూడో సర్వేలో 46.4 శాతం, నాలుగో దానిలో 54.9, అయిదో దానిలో 63.7. ఆంధ్ర, తెలంగాణ రెండూ 68 దగ్గర ఉన్నాయి. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు ఇల్లిల్లూ తిరిగి చెప్పినందుకు ఈ అంకెలో వాటా ఉంది.

పండగ చేసుకునే ముందు ఆ అంకెను ఎలా తీస్తారో చూడాలి. నిన్నటి నుంచి బిడ్డకు ఏమేం పెట్టారని తల్లిని అడుగుతారు. ఆ ఒక్క రోజు తల్లిపాలు తప్ప ఏమీ ఇవ్వకపోతే లెక్కలోకి వస్తుంది. నెల బిడ్డా, అయిదో నెల బిడ్డా అందరూ కలిసి 63.7. ఆరు నెలలూ చన్ను తప్ప మరేదీ ఎరగని పిల్లలు అంతమంది ఉన్నారని కాదు. నెలలు నిండేకొద్దీ ఈ శాతం పడిపోతుంది. ఎందుకు పడిపోతుందో తెలియనిదేమీ కాదు, తల్లి పనికి పోవాలి. 2017 చట్ట సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది, అంటే సరిగ్గా ఆరు నెలలు. పది మందికి తక్కువ కాకుండా పనిచేసే చోటే అది వర్తిస్తుంది. మిరపకోతకు, ఇటుకబట్టీకి, ఇంటిపనికి పోయే ఆమెకు ఏ సెలవూ లేదు.

పోతపాలు అన్న మాట ఇక్కడే పుట్టి ఉంటుందనుకుంటాను, తల్లి దగ్గర లేనిచోట. పోయడం నుంచి పోత. తాగింది బిడ్డే అయినా పని పోసినవాళ్లది. ఆ తర్వాత డబ్బాపాలు వచ్చాయి. ఆవుపాలతోనే ఆ పొడి సాధ్యమని విదేశీ కంపెనీలు చెబుతున్న రోజుల్లో మైసూరు సి.ఎఫ్.టి.ఆర్.ఐ. శాస్త్రజ్ఞులు గేదెపాలతో చేసే పద్ధతి కనిపెట్టారు, అమూల్ దాన్ని అమ్మకానికి తెచ్చింది. శాస్త్రంగా ఘనతే. 1992 చట్టం మాత్రం డబ్బా మీద బిడ్డ బొమ్మ గానీ తల్లి బొమ్మ గానీ వేయకూడదంది, ప్రకటన వేయకూడదంది, ఉచితంగా పంచకూడదంది, తల్లిపాలే మేలన్న మాట డబ్బా మీదే అచ్చు వేయించింది. ఇంత గట్టి చట్టం చాలా దేశాల్లో లేదు. 2003లో సవరించి, పై ఆహారం మొదలుపెట్టే వయసు నాలుగు నెలలన్న చోట ఆరు నెలలు చేశారు. మగపిల్లలకు ఆరో నెల, ఆడపిల్లలకు అయిదో నెల అన్నప్రాశన చేసే మన ఇళ్లు, మగపిల్లల మట్టుకు, చట్టం కంటే ముందే ఉన్నాయి. ఆడపిల్లకు నెల ముందే చన్నుకు తోడు గిన్నె ఎందుకు తేవాలో ఏ పురోహితుడైనా చెబితే వినాలని ఉంది.

ఆసుపత్రులు నడిపేవాళ్లకు ఒక మనవి. ఏటా ఆగస్టు మొదటి వారంలో తల్లిపాల పోస్టరు అంటిస్తారు. ఈసారి దాని కిందే ఇంకో కాగితం అంటించండి: నిరుడు మీ దగ్గర ఎన్ని కాన్పులయ్యాయి, వాటిలో ఎంతమంది బిడ్డలకు మొదటి గంటలో ముర్రుపాలు అందాయి. కాన్పు కోసం వచ్చేవాళ్లు ఆ అంకె చూసి ఆసుపత్రిని ఎంచుకుంటారు.