నవీన శిలాయుగమా, ఇనుప యుగమా? గండికోట సీమలో బృహత్ శిలా సమాధుల కాలనిర్ణయం

సముద్రతీరంలో నవీన శిలాయుగ ప్రజలు నిర్మించిన బృహత్ శిలా సమాధులనగానే ఫ్రాన్సులోని బ్రిటనీ తీరం స్ఫురిస్తుంది. అక్కడి బార్నెనెజ్ రాతిగుట్టలో 11 సమాధి గదులున్నాయి. దాని నిర్మాణం క్రీ.పూ. 4500 ప్రాంతంలో మొదలైంది. ఆ ఉదాహరణలతో స్థిరపడిన ‘నవీన శిలాయుగ బృహత్ శిలా సమాధి’ అనే జంటపదాన్ని పెన్నా పరీవాహకానికి యథాతథంగా వర్తింపజేస్తే కాలక్రమం తారుమారవుతుంది.

గండికోట వద్ద పెన్న ఎర్రమల కొండలను చీల్చుకొని ప్రవహిస్తుంది. ఆ కొండరాతికి భూగర్భశాస్త్రంలో ‘గండికోట క్వార్ట్‌జైట్’ అనే పేరుంది. జమ్మలమడుగు వైపు నాపరాతి పలకలు విస్తారం. ఈ సీమలోనే పెద్దముడియం, హనుమంతరావుపేటలలో నవీన శిలాయుగ ఆవాసాలు బయటపడ్డాయి. అక్కడివారు ఉలవ, పెసర, అండుకొర్ర పండించారు (అండుకొర్ర నేటికీ రాయలసీమకు పరాయి ధాన్యం కాదు). పలకరాయి వారికి చేరువలోనే ఉంది. అయితే దక్షిణాది నవీన శిలాయుగంలో మృతులను ఆవాసంలోనే గోతుల్లోను, శిశువులను కుండల్లోను పూడ్చడమే ప్రధాన ఆచారం. ఆ కాలపు పెద్ద కట్టడాలు అనదగినవి బూడిద దిబ్బలు. అనంతపురం ప్రాంతంలోని పాలవాయి అందుకు నిదర్శనం. కాబట్టి రాతి లభ్యతతో సమాధి ఆచారాన్ని వివరించడం చాలదు.

ఈ భేదాన్ని స్తరాల ఆధారంగా స్పష్టపరచినది 1947లో మార్టిమర్ వీలర్ కర్ణాటకలోని బ్రహ్మగిరిలో జరిపిన తవ్వకం. రాతిగొడ్డళ్ల సంస్కృతి కింద, బృహత్ శిలా సంస్కృతి దానిపైన కనిపించాయి. రాతి పలకల గూడు, చుట్టూ గుండ్ల వలయం, నలుపు-ఎరుపు పాత్రలు, ఇనుప పనిముట్లు: ఇవన్నీ రెండవదానివి. వీలర్ దీనికి ఇచ్చిన క్రీ.పూ. 200 అనే ఆరంభకాలం మాత్రం నిలవలేదు. ఆ తర్వాతి రేడియోకార్బన్ ఫలితాలు దక్షిణాదిలో ఇనుమును క్రీ.పూ. 1000 ప్రాంతానికి, ఇంకా వెనక్కు తీసుకుపోయాయి.

అయితే రెండింటి మధ్య గీత పదునైనదేమీ కాదు. బ్రహ్మగిరిలోనే ఉభయ సంస్కృతుల సంధిదశ ఉంది. నవీన శిలాయుగపు చివరి దశలో రాళ్లు పేర్చిన సమాధులు అక్కడక్కడ లేకపోలేదు. ‘బృహత్ శిలాయుగం’ అనే మాట కూడా నా దృష్టిలో సరైనది కాదు. అది ఒక సమాధి సంప్రదాయమే గాని యుగం కాదు.

జనవ్యవహారంలో ఇవి రాక్షసగుళ్లు, పాండవుల గుళ్లు. సర్వేక్షకుడు ఆ పేరు పక్కన కేవలం ‘నవీన శిలాయుగం’ అని రాసి వదిలేస్తే, పలక రంధ్రం దిశ, పాత్రల రకం, ఇనుము ఉనికి నమోదు కాకుండా పోతాయి. గండికోట జలాశయం కింద కొండాపురం మండలంలోని గ్రామాలు ఇప్పటికే మునిగాయి. నాపరాతి గనుల తవ్వకం సాగుతూనే ఉంది. అటువంటి చోట్ల రెండోసారి పరిశీలనకు నేల మిగలదు.